గాజు మూత కింద బావి

రేపటి నగరం గురించి కంపెనీవాళ్ళు తీసిన సినిమా మీరు చూసే ఉంటారు. మొదట ఎడారి కనబడుతుంది. ఇసుక, గాలి, ఒక్క మనిషి ఉండడు. అప్పుడొక ఆడగొంతు మెత్తగా అంటుంది, "ఇక్కడ ఏమీ లేదు. అందుకే ఇక్కడ అన్నీ సాధ్యం" అని. ఆ మాట అయీ అవ్వగానే ఇసుకలోంచి గాజు గోడలు మొలుస్తాయి, వాటి మీద తీగలు పాకుతాయి, పొగలేని బళ్ళు చప్పుడు లేకుండా తిరుగుతాయి. నేల మీద ఒక మచ్చ పడకుండా, గాలిలో ఒక మసి రేణువు కలవకుండా పది లక్షలమంది బతికే నగరమట.

ఆ ఎడారిని తీసింది మా గుట్ట మీద నుంచి. కెమెరా పెట్టిన రాయి కూడా నాకు తెలుసు. ఆ పెట్టినవాడు కెమెరాని జానెడు ఎడమకి తిప్పి ఉంటే నా భార్య వద్హా ఆరేసిన దుప్పట్లు కనబడేవి. ఇంకో జానెడు తిప్పితే పదకొండు ఇళ్ళు, మేకల దొడ్లు, మా బావి. వాడు తిప్పలేదు. తిప్పకుండా ఉన్నందుకే వాడికి జీతం.

నా పేరు ఉవైద్. పదేళ్ళప్పుడు బడి మానేశాను. మానేశాననడం కూడా తప్పు, మా తాత మాన్పించాడు. బావిలో పూడిక తీయడానికి నడుముకి తాడు కట్టి దింపాలంటే సన్నటి ఒళ్ళు కావాలి. మా అన్న దఖీలల్లా అప్పటికే భుజాలు విరిసి బావి ఒరలో పట్టడం మానేశాడు. కాబట్టి వాడు పైన తాడు పట్టుకున్నాడు, నేను కింద తట్ట నింపాను. ముప్పై ఒక్క బారల లోతు. ఒరంతా రాయి, సున్నం లేదు, సిమెంటు లేదు. ఒక రాయి పక్క రాయిని పట్టుకుని నిలబడుతుంది, అంతే. అట్టడుగున, పొద్దు పొడిచే వైపు, పిడికిలి పట్టేంత ఊట కన్ను ఉంది. అందులో చెయ్యి పెడితే చల్లగా, మెల్లగా నెడుతుంది, పాలు తాగే మేకపిల్ల మూతితో నెట్టినట్టు. నలభై ఏళ్ళపాటు ప్రతి చలికాలం చివరా దిగి ఆ కంటికి అడ్డుపడిన మట్టి తీశాను. నాకు అక్షరాలు సరిగా రావు. ఆ కన్ను మాత్రం చీకట్లో కూడా వెతుక్కోగలను.

కంపెనీ తరఫున ముందు ముగ్గురు వచ్చారు. ఒక్కొక్కరికీ మా అన్న కావా, అంటే మా అరబ్బీ కాఫీ, పోసి, ఖర్జూరం పెట్టి, బావి ఇవ్వనని చెప్పి పంపాడు. మిగతా పది ఇళ్ళవాళ్ళూ అప్పటికే ఒప్పుకున్నారు, కొందరు ఇష్టపడి, కొందరు పోరు పడలేక. కానీ బావి మా తాత తవ్వింది, ఆయన పెద్దకొడుకుకి పెద్దకొడుకుగా దాని మాట మా అన్నది. ఆయన వేలిముద్ర పడితేనే పని ముందుకెళ్ళేది.

నాలుగోసారి నగరం బొమ్మ గీసిన దొరసాని స్వయంగా వచ్చింది. తప్పు చెప్పకూడదు, మంచి మనిషే. ఎండలో మూడు గంటలు బావి గట్టు మీద కూర్చుని పుస్తకంలో గీసుకుంది. గట్టురాళ్ళ మీద తాళ్ళ రాపిడికి పడ్డ గాళ్ళని వేలితో నిమిరింది. తర్వాత దుబాసీని అడిగింది.

"దీన్ని డిజైన్ చేసింది ఎవరని అడుగుతున్నారు" అన్నాడు దుబాసీ.

"మా తాత" అన్నాడు మా అన్న.

"ఆయన ఎక్కడ చదువుకున్నారు?"

నేను ఊరుకోలేకపోయాను. "ముప్పై ఒక్క బారల కింద ఉంది ఆ బడి. దిగమను, తాడు నేను పట్టుకుంటాను."

దుబాసీ ఆ మాట ఆవిడకి చేర్చలేదు. చేర్చి ఉంటే ఆవిడ నిజంగానే దిగేదేమో. దిగి ఆ కంట్లో చెయ్యి పెట్టి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేదేమో. నాకేం తెలుసు.

ఆవిడ వెళ్ళిన నెలకి రాకాన్ వచ్చాడు.

రాకాన్ పరాయివాడు కాదు. అదే నా కడుపుమంట. కొండలకి అవతల ఉండే మా తెగవాళ్ళలో హులైయిల్ అనే పెద్దమనిషి కొడుకు. దూరదేశంలో కట్టడాల చదువు చదివి కంపెనీలో చేరాడు. తెల్ల కారు, నల్లద్దాలు, చేతిలో కాగితాలు ఏమీ లేకుండా, వాళ్ళ నాన్న పాత పికప్ బండిలో, దుమ్ము కొట్టుకుని వచ్చాడు. గుమ్మానికి ఎంత దూరంలో ఆగాలో అంత దూరంలో ఆగాడు. మా నాన్న పేరు తలుచుకుని దీవించాడు. వానల కబుర్లు, మేతల కబుర్లు చెప్పాడు. మా అన్న మొహం విప్పారింది. చాన్నాళ్ళకి మా ఇంటికి మర్యాద తెలిసినవాడు వచ్చాడు మరి.

మా అన్న ఎడమ చేత్తో కూజా, కుడిచేత్తో కప్పు పట్టుకుని కావా పోశాడు. రాకాన్ కుడిచేత్తో అందుకున్నాడు. తాగలేదు. ముందున్న చాప మీద పెట్టాడు.

గదిలో ఉన్న ఏడుగురం ఆ కప్పు వైపే చూశాం.

మాలో కప్పు ఊరికే కింద పెట్టరు. పిల్లనడగడానికి వచ్చినవాడు పెడతాడు. హత్య జరిగితే రాజీ అడగడానికి వచ్చినవాడు పెడతాడు. కప్పు నిండుగా ఉండగా అతిథి లేచి వెళ్ళిపోతే ఆ ఇంటి పరువు ఆ కప్పులోనే ఉండిపోతుంది, మనవల కాలం దాకా చెప్పుకుంటారు. అందుకని ఏం అడుగుతాడో తెలియకపోయినా ఇంటాయన అనాల్సిన మాట ఒకటే ఉంటుంది. నా ఎరుకలో మా ఇంట్లో అలా కప్పు కింద పెట్టడం అది మూడోసారి.

మా అన్నకి పెళ్ళి కావలసిన కూతురు ఉంది. రాకాన్‌కి పెళ్ళి కాలేదు. ఇంక వేరే ఎవరికైనా వేరే ఊహ ఎలా వస్తుంది? తెర వెనకాల వద్హా అప్పుడే నాలుక ఆడించి పెళ్ళికేక పెట్టడానికి సిద్ధంగా ఉందట, తర్వాత తనే చెప్పింది.

"కావా తాగు నాయనా" అన్నాడు మా అన్న.

"మనసులో ఒక మాట ఉంది మావయ్యా. అది తీరితే తాగుతాను."

"తాగు. నువ్వడిగింది నీదే."

వాడు తాగాడు. మూడు గుక్కల్లో తాగి, చాలన్నట్టు కప్పు ఊపి, మా అన్న చేతికిచ్చాడు. అప్పుడు చెప్పాడు.

"బావి, మావయ్యా. బావీ, దాని చుట్టూ ఉన్న నేలా."

తెర వెనకాల ఏదో పళ్ళెం కింద పడింది.

నేను లేచాను. "నువ్వు మనిషివేనట్రా? ఇది అడగడానికట్రా కప్పు కింద పెట్టింది?"

"కూర్చో ఉవైద్" అన్నాడు మా అన్న.

"అన్నా, వీడు నీ..."

"కూర్చోమన్నాను."

మా అన్న మొహంలో నెత్తురు లేదు. కూజాని నిప్పుల పక్కన పెట్టాడు, చాలా నెమ్మదిగా, అది పగిలిపోతుందేమో అన్నట్టు. ఆ కూజా ఇత్తడిది.

"ఇచ్చిన మాట ఇచ్చిందే. కానీ నాయనా, నీకు నేను ఇచ్చాను, నువ్వు నాకు ఒకటి ఇవ్వు. బావికి మూత పడకూడదు. దాహంతో వచ్చినది మనిషైనా ఒంటె అయినా, నీళ్ళు చేదుకుని తాగి వెళ్ళాలి. మీ నగరంలో ఎన్ని మేడలైనా కట్టుకోండి."

రాకాన్ అరచెయ్యి తన మెడ మీద పెట్టుకున్నాడు. "నా మెడ మీద ఒట్టు మావయ్యా. నగరం నడిబొడ్డున ఉంటుంది మీ బావి. బొమ్మలో ఉంది, నేనే చూశాను."

అబద్ధం కాదు. బొమ్మలో ఉంది.

ఆ సాయంత్రం మా అన్నా నేనూ కొట్టుకోవడం ఒక్కటే తక్కువ.

"వాడు నిన్ను మోసం చేశాడు" అన్నాను.

"కప్పు కింద పెట్టాడు."

"మోసానికి పెట్టాడన్నా!"

"ఎందుకు పెట్టావని అడిగి తాగమంటే అది కావా కాదు, బేరం. మన తాత ఎవరినీ అడగలేదు. నేనూ అడగలేదు. అడగని తప్పు నాదైతే నాదే."

"నీ మర్యాద కోసం మా గొంతులు ఎండాలా?"

మా అన్న నా వైపు చూడకుండా అన్నాడు. "నీ గొంతు ఎప్పుడెండిందిరా? పుట్టినప్పటినుంచీ అరుస్తూనే ఉన్నావు."

మమ్మల్ని పట్నంలో నాలుగంతస్తుల ఇళ్ళలో పెట్టారు. కుళాయి తిప్పితే సముద్రం నీళ్ళు, ఉప్పు తీసినవి. తాగొచ్చు. రుచి మాత్రం ఎవరో ముందే తాగి ఉమ్మినట్టుంటుంది. లిఫ్టు మొదటి వారమే ఆగిపోయింది. మా అన్న కావా కూజాని కిటికీ అరుగు మీద పెట్టుకుని కూర్చుంటాడు. నిప్పు రాజేయడానికి వీల్లేదు, పొగ వస్తే గోడకున్న యంత్రం మొత్తుకుంటుంది. పొగలేని నగరం కోసం మమ్మల్ని లేపి, మా పొగ కూడా తీసేశారు. గ్యాసు పొయ్యి మీద కాచిన కావా తాగి ఆయన ఏమీ అనడు. "వాడు మూత వేయడు" అని మాత్రం అప్పుడప్పుడు అంటాడు, నన్ను చూసి కాదు, కూజాని చూసి.

రెండో వేసవిలో వానలు తప్పాయి. నా ఏడు ఒంటెలూ మా మేనమామ కొడుకు దగ్గర, కొండల దాపున మేస్తున్నాయి. అక్కడి గుంట ఇంకిపోయింది. నీళ్ళబండి రావడానికి రెండు రోజులు పడుతుందన్నారు. నేనే వెళ్ళి ఒంటెలని తోలుకుని పాత దారిన బావికి బయలుదేరాను. చేంతాడు, తోలు బొక్కెన జీనుకి కట్టుకున్నాను. ఒంటెలకి దారి చెప్పనక్కరలేదు. ముసలిది ముందు నడిచింది, మిగతావి దాని వెనక.

కంచె దగ్గర ఆగిపోయాం. కంచె తెల్లగా, అందంగా, అరబ్బీ అక్షరాల ముగ్గులా ఉంది. ఏ దేశంవాడో పాపం, కావలివాడు గొడుగు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ఒంటె వద్దు బాబా! ఒంటె వద్దు! టికెట్ ఉందా?"

"నీళ్ళకి వచ్చాం" అన్నాను.

"నీళ్ళ బాటిల్ లోపల అమ్ముతారు బాబా. టికెట్ తీసుకో."

వాడి మీద కోపం తెచ్చుకుని ఏం లాభం? వాడు కూడా ఎవరి బావినో వదులుకుని వచ్చినవాడే అయ్యుంటాడు. ఒంటెలని కంచె నీడన కూర్చోబెట్టి వాడి చేతికి తాడిచ్చాను. వాడు బిత్తరపోయి పట్టుకున్నాడు.

లోపల మిట్టా పల్లం లేని రాతి వాకిలి. గాలి ఎటునుంచో చల్లగా వస్తోంది. సందులు సన్నగా, గోడలు ఎత్తుగా కట్టారు, నీడ పడాలని. మంచి పని. ఆ సంగతి మా పాత పట్నంలో ప్రతి మేస్త్రీకీ తెలుసు, ఇక్కడ ఫలకం మీద రాసి పెట్టారు. వాకిలి మధ్యన మా బావి. గాళ్ళు పడ్డ గట్టురాళ్ళు అలాగే ఉన్నాయి, కడిగి మెరుగు పెట్టినట్టున్నాయి. వాటి మీద ఈ చివర నుంచి ఆ చివరకి మందపాటి గాజు. గాజు మీద జనం నిలబడి కిందకి చూసి ఫోటోలు తీసుకుంటున్నారు. ఒర లోపల దీపాలు. అడుగున నీళ్ళు నీలంగా మెరుస్తున్నాయి.

మా నీళ్ళు ఎప్పుడూ నీలంగా లేవు.

నేను తోలు బొక్కెన భుజాన వేసుకునే రాకాన్ ఎక్కడని అడిగాను. అద్దాల హాలులోకి తీసుకెళ్ళారు. అక్కడ బల్ల మీద నగరం బొమ్మ, మంచమంత. చుట్టూ పదిమంది దొరలు, పట్నం పెద్దలు, దొరసాని కూడా. ఆవిడ నన్ను గుర్తుపట్టి నవ్వింది. రాకాన్ ఎదురొచ్చి మా తెగ పలకరింపుగా నా ముక్కుకి ముక్కు ఆనించాడు, భుజం చుట్టూ చెయ్యి వేశాడు.

"మా పెద్దలు! ఈ బావివాళ్ళు!" అన్నాడు అందరితో.

అందరూ చప్పట్లు కొట్టారు.

నన్ను మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టారు. పాతకాలపు వేషం కట్టిన పనివాడు కావా తెచ్చాడు. కుడిచేత్తో కూజా, ఎడమ చేత్తో కప్పు. మా ఇంట్లో అయితే కుక్కకి కూడా అలా పోయరు. తీసుకున్నాను. నా ముందున్న గాజు బల్ల మీద పెట్టాను.

ఆ హాలులో ఉన్నవాళ్ళలో దాని అర్థం తెలిసినవాడు ఒక్కడే. వాడు నా ఎదురుగా ఉన్నాడు. వాడి కళ్ళు కప్పు మీద పడ్డాయి. మెడ దగ్గర నరం కదిలింది, రెండేళ్ళ కిందట చెయ్యి పెట్టుకున్న చోటే.

"కావా తాగు మావయ్యా" అనాలి వాడు. "నువ్వడిగింది నీదే" అనాలి. అంతే. రెండు మాటలు.

దొరసాని ఏదో అడిగింది. ఆయన తాగడేం, అని అయ్యుంటుంది. రాకాన్ వాళ్ళ భాషలో జవాబిచ్చాడు. అందులో ఒక్క మాట నాకు తెలుసు, ఆస్పత్రిలో విన్నదే. షుగర్. పెద్దాయనకి షుగర్ జబ్బు, కావా పడదు.

మా కావాలో చక్కెర వెయ్యరు. అది కూడా తెలియని పదిమందీ జాలిగా తలలూపారు.

"చల్లారిపోయింది, తీసేసి వేడిది పొయ్యి" అని రాకాన్ పనివాడితో అన్నాడు, మా భాషలో, గొంతు తగ్గించి.

పనివాడు నిండు కప్పుని తీసేశాడు. రెండోది పోశాడు. నేను దాన్నీ బల్ల మీద పెట్టాను. అదీ తీసేశాడు. మూడోది పెట్టాను. ఈసారి రాకాన్ బొమ్మ వైపు తిరిగి దొరలకి ఎండపలకల సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. ఏడాదికి ఎంత కరెంటు, ఎంత గాలి, ఎన్ని చెట్లు. ప్రతి చెట్టుకీ రోజూ ఎన్ని చుక్కల నీళ్ళో లెక్క కట్టారట, ఒక్క చుక్క కూడా దండగ కాదట. బయట నా ముసలి ఒంటె నాలుక బయట పెట్టి కూర్చుని ఉంది.

నేను లేచాను. కప్పు నిండుగా ఉంది. "హులైయిల్ కొడుకు రాకాన్" అన్నాను, అరవలేదు, మామూలుగానే. "నీ కప్పు ఇక్కడ వదిలేసి పోతున్నాను." వాడు వెనక్కి తిరగలేదు. పెద్దలు నవ్వి చేతులూపారు, నేను సెలవు తీసుకుంటున్నాననుకుని.

ఆ కావలివాడు మాత్రం, ఎవరికీ చెప్పకుండా, మొక్కలకి నీళ్ళు పెట్టే గొట్టం కంచె కిందనుంచి ఇవతలికి తోశాడు. ఏడు ఒంటెలూ తాగాయి. వాడి పేరు అడగడం మర్చిపోయాను. ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఆ శుక్రవారం ఒంటెల సంతలో చెప్పాను. తర్వాత మసీదు మెట్ల మీద చెప్పాను. టైర్ల కొట్లో చెప్పాను. ఒక చావింట్లో కూడా చెప్పాను, అక్కడ చెప్పకూడదని తెలిసీ. వాడి పేరు, వాడి తండ్రి పేరు, తాత పేరు. వాడి ముందు మూడు కప్పులు నిండుగా మిగిలాయి అని.

మా అన్న మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు అన్నాడు, "మన ఇంట్లో కావా తాగినవాడి పేరు సంతలో తీస్తావట్రా?"

"మూత వేశాడన్నా. నా కళ్ళతో చూశాను. గాజు మూత."

"గాజైతే తీయొచ్చు" అన్నాడు.

నాకు ఎంత ఒళ్ళుమండిందంటే గోడకున్న పొగ యంత్రం మోగుతుందేమో అనిపించింది.

నెల తిరగకుండా తలుపు చప్పుడైంది. హులైయిల్. ఎనభై దాటినవాడు నాలుగంతస్తులు ఎక్కి గుమ్మం పట్టుకుని ఆయాసపడుతున్నాడు. వెనక రాకాన్, తల వంచుకుని. ముసలాయన లోపలికి రాకుండానే అడిగాడు.

"దఖీలల్లా, నువ్వు అబద్ధం చెప్పవు. వీడి ముందు నీ తమ్ముడి కప్పు నిండుగా ఉండిపోయిందా?"

మా అన్న తలుపు బారుగా తీశాడు. "లోపలికి రండి, కావా పెడతాను" అన్నాడు.

జవాబు చెప్పకపోవడమే జవాబు. ముసలాయన తలకి చుట్టుకున్న నల్లతాడు, మాలో అది మగవాడి పరువు, తీసి గుమ్మం మీద పడేసి, వట్టి తలతో లోపలికొచ్చి కూర్చున్నాడు. ఆ తాడుని దాటలేక రాకాన్ దాని పక్కనుంచి ఒదిగి వచ్చాడు.

మా అన్న కావా కాచి పోశాడు. మొదటిది ముసలాయనకి. ఆయన పుచ్చుకోలేదు, కొడుకు వైపు చూపించాడు. రాకాన్ అందుకున్నాడు. అందుకుని ఉండిపోయాడు. తాగలేడు, వాడి తప్పు ఇంకా తీరలేదు. కింద పెట్టలేడు, పెడితే మళ్ళీ ఏదో అడిగినట్టవుతుంది. చెవి లేని కప్పు, అప్పుడే దింపిన కావా. వాడి వేళ్ళు ఎర్రబడుతున్నాయి. నాకు, దేవుడు క్షమించుగాక, చాలా హాయిగా ఉంది.

"మూత ఎప్పుడు తీయిస్తావో చెప్పు" అన్నాను.

"నా చేతిలో లేదు మావయ్యా."

"ఎవరి చేతిలో ఉంది?"

"బొమ్మ గీసేవాళ్ళు వేరే దేశంలో ఉంటారు. గాజు వాళ్ళు పెట్టారు. నేను వద్దన్నాను. రాసి పంపాను కూడా. జనం పడిపోతారు, ప్రమాదం అన్నారు."

"అయితే గాజుకి ఒక తలుపు పెట్టమను. పొద్దున పూట తీసి చేదుకుంటాం. చేదకపోతే బావి చెడిపోతుందిరా, నీళ్ళు కదలాలి, ఊట పూడుకుపోతుంది, ఆ మాత్రం..."

"చేదినా లాభం లేదు."

ఆ మాటకి వద్హా వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది, ముసుగు కూడా వేసుకోకుండా.

"దీపాల వేడికి నీళ్ళు పచ్చగా పాచిపట్టాయి" అన్నాడు రాకాన్ కప్పుతో మాట్లాడుతున్నట్టు. "గాజుకి ఆవిరి పట్టేది. చూడ్డానికి వచ్చినవాళ్ళకి ఏమీ కనబడటం లేదని ఫిర్యాదులు. అందుకని మూడో నెలలో... నీళ్ళు తోడించేసి, అడుగున సిమెంటు పోశారు. ఇప్పుడున్నవి వేరే నీళ్ళు. మోకాలి లోతు. రంగు కలిపారు."

నాకు అరుపు రాలేదు. పుట్టినప్పటినుంచీ అరిచినవాణ్ణి, అరుపు రాలేదు. నా కుడిచెయ్యి దానంతట అదే పిడికిలి పట్టింది.

ముసలాయనే అన్నాడు. "నీ చేతిలో లేదన్నావు. మరి ఆ రోజు వీళ్ళ ఇంట్లో కప్పు కింద పెట్టినప్పుడు నీ చేతిలో ఏముందిరా? మెడ మీద చెయ్యి పెట్టుకున్నావు, ఆ మెడైనా నీదేనా, కంపెనీ వాళ్ళదా?"

రాకాన్ ఏడుస్తున్నాడు. ఏడవనీ. నేను జాలిపడలేదు, ఇప్పుడూ పడను.

"నాయనా" అన్నాడు మా అన్న. అందరం ఆయన వైపు చూశాం. కావా తాగు అంటాడనుకున్నాను. అంటాడని నాకు తెలుసు, అరవై రెండేళ్ళుగా ఎవరికీ అనకుండా ఉండలేదు. అంటే ఆ ఇత్తడి కూజా తీసి గోడకేసి కొడదామని లేవబోయాను.

మా అన్న వంగి, రాకాన్ వేళ్ళ మధ్య నుంచి నిండు కప్పుని తీసుకున్నాడు. అతిథి చేతిలోంచి తాగని కప్పు లాక్కోవడం మా తెగలో ఎవరూ చూసి ఉండరు, విని ఉండరు. దాన్ని కూజాలోకి ఒంపేశాడు. ఖాళీ కప్పుని పళ్ళెంలో బోర్లించాడు.

"దాహమేసినప్పుడు రా" అన్నాడు.

హులైయిల్ లేచి, కొడుకు కోసం ఆగకుండా, వట్టి తలతో మెట్లు దిగాడు. నల్లతాడు మా గుమ్మంలోనే ఉండిపోయింది. మా అన్న దాన్ని తియ్యనివ్వడు. మేమందరం దాని మీదుగా అడుగేసి తిరుగుతున్నాం.

మొన్న వద్హా నన్ను పట్నంలో పెద్ద బజారుకి లాక్కెళ్ళింది, చెప్పులు కొనాలని. అక్కడ నడిమధ్యన రేపటి నగరం బొమ్మని తెచ్చి పెట్టారు, జనం చూడాలని. అదే మంచమంత బల్ల. ఇప్పుడు కొత్తగా మనుషుల్ని కూడా పెట్టారు, గోరంత బొమ్మలు. పిల్లల్ని నడిపించుకుపోయే తల్లులు, సైకిళ్ళ మీద కుర్రవాళ్ళు. బావి దగ్గర ఒక బొమ్మ, పొడుగు చొక్కా, తలకి ఎర్రగుడ్డ, చేతిలో తాడు.

"చూడు నిన్నూ పెట్టారు" అంది వద్హా. "నీకంటే మర్యాదగా ఉన్నాడు, నోరు మూసుకుని."

నేను కళ్ళు చికిలించి చూశాను. తాడు చివర బొక్కెన లేదు. తాడు గాజు దాకా వచ్చి ఆగిపోయింది.

బల్ల మొత్తానికీ పైన గాజు పెట్టె మూసి ఉంది. వేళ్ళతో కొట్టాను. మందంగానే ఉంది. కాపలావాడు దగ్గరకొచ్చి, "ముట్టుకోకూడదు బాబా" అన్నాడు. ఈసారి నేను పిడికిలితో కొట్టాను. ఇంకోసారి కొట్టాను. వద్హా నా మోచెయ్యి పట్టుకుంటుందనుకున్నాను. చెప్పుల సంచీ కింద పెట్టి, తను కూడా కొట్టడం మొదలుపెట్టింది.